దూడ కథ పాపకు వర్తిస్తదా? – ఈ నెల మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇదే పేజీల, పుట్టేది ఆడనా మగనా అనేది తండ్రి దిక్కు నుంచి వచ్చే క్రోమోజోమ్ తేలుస్తదని నాలుగు ముక్కలు రాసిన. ఇగ రాయంగనే సరిపాయె, ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల సగం "మరి మెదడు సంగతేంది" అనే. అందుకని ఈసారి పాముల ప్రశ్నలు పక్కకు పెట్టిన, పంపినోళ్లు ఏమనుకోవద్దు, వచ్చే నెల తప్పకుండ చూస్త.

ప్రశ్న (హన్మకొండ నుంచి ఒక తల్లి): మేడమ్, నాకు కవలలు, బాబు పాప, పది నెలలు నిండినయి. మా అత్తమ్మవాళ్లది పరకాల దిక్కు. వాళ్లింట్ల ఆవు జోడు దూడలను ఈనింది, ఒకటి కోడె, ఒకటి పెయ్య. కోడె మంచిగనే ఉన్నది గని పెయ్య మూడేండ్లు వచ్చినా ఎదకు రాలే. పశువుల డాక్టర్ చూసి "ఇది కోడెతోటి పుట్టిన పెయ్య, ఇగ కట్టదు" అన్నడంట. అప్పటిసంది మా అత్తమ్మకు మా పాప మీద ఒకటే రంది. పాప కూడ బాబు కంటే దూకుడు, అందుకని "అన్నతోటి ఒకే కడుపుల ఉన్నది, మెదడు గూడ మగపోరని లెక్కనే తయారైంది" అంటది. ఇది నిజమేనా?

జవాబు: ముందు పాప సంగతి చెప్త, దూడ సంగతి తర్వాత. పాపకు ఏం కాదమ్మా, అన్నతోటి పుట్టినందుకు పిల్లలు కాకుండ పోవుడు మనుషులల్ల ఉండదు. అత్తమ్మకు ఈ ముక్క ఇప్పుడే చదివి వినిపించండి, మిగిలింది తీరుబాటుగ చదువుకోవచ్చు.

అయితే అత్తమ్మను తక్కువ చేసి చూడకండి, ఆమె చూసింది అబద్ధం కాదు. ఆవులల్ల కోడెతోటి కలిసి పుట్టిన పెయ్యలు నూటికి తొంభై పైన గొడ్డుపోతయి. ఎందుకంటే ఆవు కడుపుల రెండు దూడలున్నప్పుడు రెండింటి మాయలు ఒకదానికొకటి అతుక్కొని, రక్తనాళాలు గూడ కలిసిపోతయి, కోడె రక్తం పెయ్యకు, పెయ్య రక్తం కోడెకు తిరుగుతది. కోడె వృషణాలు ముందుగాల తయారైతయి, అవి వదిలే హార్మోన్లు చెల్లె ఒంట్లకు పోయి అండాశయాలను, గర్భసంచిని ఎదగనియ్యవు. పుట్టిన కొన్ని రోజులకే డాక్టర్లు నున్నటి గొట్టం ఒకటి పెట్టి చూస్తరు, మామూలు పెయ్యకు పోయినంత లోతుకు అది పోదు, అక్కడనే తెలిసిపోతది. ఈ సంగతి అమెరికాల ఫ్రాంక్ లిల్లీ అనే ఆయన 1917ల కబేళా నుంచి తెచ్చిన జంట పిండాలను కోసి చూసి వివరించిండు. ఒక బిడ్డ హార్మోను రక్తంల పోయి ఇంకొక బిడ్డ ఒంటిని మార్చగలదు అని గట్టిగ పట్టుకున్న తొలి ఉదాహరణలల్ల ఇదొకటి. మన రైతులకు కారణం తెల్వకపోయినా ఫలితం ఎప్పటిసందో తెలుసు, సంతల జోడు పెయ్యను ఊరికిచ్చినా కొనరు.

ఇగ మనుషులకు వస్తే, ఆడ మగ కవలలు వేరువేరు అండాల నుంచి వచ్చినోళ్లు, ఎవరి మాయ వాళ్లకే ఉంటది. పక్కపక్కన ఉండి ఒత్తుకొని ఒక్కటే లెక్క కనవడ్డా లోపల రక్తనాళాలు కలువుడు చాలా చాలా అరుదు. అందుకే దూడ కథ పాపకు వర్తించదు.

మెదడు సంగతి అడిగిండ్రు కదా. చిట్టెలుకలల్ల ఒక ముచ్చట ఉన్నది. ఎలుక కడుపుల పిల్లలు బఠానీ కాయల గింజలు ఉన్నట్టు వరుసగ ఉంటయి, ఆ వరుసల రెండు మగపిల్లల నడుమ పడ్డ ఆడపిల్ల పెద్దగైనంక కొంచెం ఎక్కువ కొట్లాడతదని, రెండు ఆడపిల్లల నడుమ పెరిగింది అంతగనం కొట్లాడదని వోమ్ సాల్ అనే ఆయన 1980ల చూపెట్టిండు. పక్కోళ్ల టెస్టోస్టెరాన్, అంటే వృషణాలు వదిలే మగ హార్మోను, కొద్దికొద్దిగ ఊరుకుంట వచ్చుడే కారణమని అన్నడు. మనుషులల్ల అట్లాంటిది ఉన్నదా అని కవలల మీద చాలామంది చూసిండ్రు, ఒకరికి తేడా దొరికితే ఇంకొకరికి దొరకలే, దొరికినా అది చిన్నదే. మీ పాప దూకుడుకు అన్నను కారణం చెయ్యాల్సిన పని లేదు. అయినా పది నెలల పిల్ల దూకకుండ ఒకతాన కూసుంటే అప్పుడు కదా రంది పడాలె.

ప్రశ్న (కాకతీయ యూనివర్సిటీ దగ్గర హాస్టల్ల ఉండి చదువుకుంటున్న విద్యార్థి): మేడమ్, జువాలజీల ఒక పాఠం నాకు ఎన్నిసార్లు చదివినా తలకు ఎక్కుతలేదు. మగ ఎలుక మెదడును మగ మెదడుగ చేసేది ఈస్ట్రోజెన్ అని రాసి ఉన్నది. ఈస్ట్రోజెన్ ఆడ హార్మోన్ కదా, ప్రింట్ తప్పా? తప్పు కాకపోతే తల్లి ఒంట్ల అంత ఈస్ట్రోజెన్ ఉంటది కదా, ఆడపిల్లలు అందరు మగ మెదడుతోటే పుట్టాలె కదా?

జవాబు: తప్పు కాదు తమ్మీ, నీ అనుమానం మంచిది, ఇదే అనుమానం చాలా ఏండ్లు సైంటిస్టులను గూడ తిప్పలు పెట్టింది. కొంచెం ముందటి నుంచి వస్త.

మొదటి ఆరు వారాలు మన పిండం ఆడదైనా మగదైనా చూపుకు ఒక్కతీరే, లోపల బీజగ్రంథి గూడ వృషణం కావాల్నో అండాశయం కావాల్నో తేల్చుకోకుండ ఉంటది. వై క్రోమోజోమ్ మీద ఎస్ఆర్‌వై అనే జీన్ ఉంటది, 1990ల ఇంగ్లండ్‌ల దాన్ని పట్టుకున్నరు, మరుసటి ఏడే ఆ ఒక్క జీన్‌ను ఆడ చిట్టెలుక పిండంల పెడితే వృషణాలు వచ్చినయి. మనుషులల్ల ఆ జీన్ పని చేస్తే ఆరేడు వారాలకు వృషణం తయారు గావుడు మొదలైతది, ఎనిమిదో వారం నుంచి టెస్టోస్టెరాన్ ఊరుతది, మూడో నెల నుంచి నాలుగున్నర నెలల దాక జోరుగ ఉంటది, తర్వాత తగ్గుతది. పుట్టినంక ఒకటి నుంచి మూడు నెలల వయసుల మళ్ల ఒకసారి లేచి ఆరు నెలలకల్లా పడిపోతది. ఊయలల పండుకొని బోసినవ్వు నవ్వే బాబు రక్తంల అంత టెస్టోస్టెరాన్ ఉంటదని చెప్తే మా క్లాసుల పిల్లలు ఎన్నడూ నమ్మకపోయేది.

ఈ టెస్టోస్టెరాన్ ఒంటిమీదనే కాదు మెదడు మీద గూడ శాశ్వతంగ గుర్తు వేస్తదని గట్టిగ చెప్పింది 1959ల, అమెరికా కాన్సస్ యూనివర్సిటీల ఫీనిక్స్, గోయ్, జెరాల్, యంగ్ అనే నలుగురు. కడుపుతోటి ఉన్న గినీ పిగ్‌లకు టెస్టోస్టెరాన్ సూదులు ఇచ్చిండ్రు. పుట్టిన ఆడపిల్లలు పెద్దగైనంక వాటికి ఆడ హార్మోన్లు ఎంత ఇచ్చినా ఆడ జంతువు లెక్క జతకు ఒప్పుకోవుడు తగ్గిపాయె, పైగా మగదాని లెక్క మీదికి ఎక్కుడు మొదలువెట్టినయి. పుట్టకముందు తగిలిన హార్మోను పోయి చాన్నాళ్లయింది, దాని పని మాత్రం అట్లనే ఉన్నది. మన కొత్తవాడల జంపఖానాలు నేసేటోళ్లను చూసినవా? పడుగు ఒక్కసారి మగ్గానికి ఎక్కించినంక ఇగ దాన్ని మార్చరాదు, ఆ తర్వాత పేకల ఏ రంగు దారం వేసినా అది పడుగు మీదనే కూసోవాలె. కడుపుల ఉన్నప్పటి హార్మోను పడుగు, ఈడుకొచ్చినంక వచ్చే హార్మోను పేక.

పడుగు ఎక్కించే టైమ్ గూడ లెక్కే. ఎలుక పిల్ల పుట్టే ముందు రెండు మూడు రోజుల నుంచి పుట్టినంక ఓ పది రోజుల దాకనే ఆ దర్వాజ తెరిచి ఉంటది. పుట్టిన రోజు మగపిల్ల వృషణాలు తీసేస్తే మెదడు ఆడతీరుకు పోతది, అదే నెల తర్వాత తీస్తే ఇగ మెదడు తీరు మారదు.

ఇప్పుడు నీ ఈస్ట్రోజెన్ ముచ్చట. ఎలుక మెదడుల కొన్ని కణాలల్ల ఆరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటది, అది టెస్టోస్టెరాన్‌ను పట్టుకొని అక్కడికక్కడనే ఈస్ట్రాడయోల్ అనే ఈస్ట్రోజెన్ చేస్తది. అంటే వృషణం నుంచి బయలుదేరింది టెస్టోస్టెరానే, మెదడు ఇంట్ల అడుగువెట్టినంక వేషం మారుస్తది. మరి తల్లి ఈస్ట్రోజెన్ సంగతి? ఎలుక పిండం రక్తంల ఆల్ఫా ఫీటోప్రోటీన్ అని ఒక ప్రోటీన్ దండిగ ఉంటది, అది ఈస్ట్రోజెన్‌ను రక్తంలనే కరిచి పట్టుకుంటది, మెదడుకు పోనియ్యదు. టెస్టోస్టెరాన్‌ను మాత్రం పట్టుకోదు. అందుకే దొంగ దర్వాజ నుంచి పోయేది మగపిల్ల టెస్టోస్టెరాన్ ఒక్కటే. ఆ ప్రోటీన్ జీన్ తీసేసిన చిట్టెలుకలల్ల ఆడపిల్లల మెదడు మగతీరుకు పోయిందని 2006ల చూపెట్టిండ్రు, దాంతోటి ఈ వాదన బలపడ్డది. నువ్వు పరీక్షల ఈ ప్రోటీన్ పేరు రాస్తే మార్కులు ఎటూ పోవు. ఒకటి మాత్రం మర్చిపోకు, ఇది ఎలుక కథ. మనుషులల్ల టెస్టోస్టెరాన్ వేషం మార్చకుండ నేరుగనే ఎక్కువ పని చేస్తది.

నాకు ఈ పాఠంల అన్నిటికంటే ఇష్టమైన ముక్క పుస్తకాలల్ల ఒక లైనుల తేల్చేస్తరు, దాన్ని చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మెదడు అడుగున హైపోథలామస్ అనే భాగం ఉంటది, దాని ముందు దిక్కు ఒక చిన్న కణాల గుంపు ఉన్నది, మగ ఎలుకలల్ల అది ఆడ ఎలుకల కంటే ఎన్నో రెట్లు పెద్దగ ఉంటది, గోర్స్కీ అనే ఆయన ల్యాబ్‌ల 1978ల రాసిండ్రు, రంగు వేసిన స్లైడ్‌ను వెలుతురుకు పెడితే ఉత్త కండ్లకు గూడ తేడా కనవడేటంత. అది ఎందుకు పెద్దగైంది? మగపిల్లకు ఎక్కువ కణాలు పుట్టలే, ఇద్దరికి సుమారు ఒక్కతీరే పుడతయి, ఆడపిల్లల పుట్టిన మొదటి రోజులల్ల అవి చచ్చిపోతయి, మగపిల్లల ఈస్ట్రాడయోల్ వాటిని బతికిస్తది. సరే అనుకుంటమా, దానికి కొంచెం దూరంలనే ఇంకో గుంపు, అది ఆడ ఎలుకలల్ల పెద్దగ ఉంటది, నెలసరి లెక్క వాటికి ఉండే చక్రంల అండం విడుదల అయ్యే హార్మోను ఎగజిమ్మేది దాని వల్లనే. అక్కడ అదే ఈస్ట్రాడయోల్ మగపిల్లల కణాలను చంపుతది! ఒకటే మందు, ఇక్కడ పాణం పోస్తది, గజం దూరంల పాణం తీస్తది. జగిత్యాల దిక్కు వాన పడితే పసుపు చేను పచ్చగైతది, పక్కనే పలిగిన పత్తి నల్లబడతది, వాన తప్పా చేను తప్పా?

ఇంకో చోట చావు బతుకుల లెక్కే లేదు, కొమ్మల లెక్క. మేరీల్యాండ్‌ల మార్గరెట్ మెక్‌కార్తీ ల్యాబ్ 2004ల చూపెట్టింది, ఎలుక మెదడుల హైపోథలామస్ ముందు దిక్కునే మగపిల్లల నరాల కణాల కొమ్మల మీద ముండ్ల లెక్క ఉండే మొలకలు ఎక్కువ, వాటిని మొలిపించేది ప్రోస్టాగ్లాండిన్, అవును, మనకు జ్వరం, నొప్పి తెచ్చేదే. ఆ తర్వాత వాపు వచ్చినప్పుడు పనిచేసే మైక్రోగ్లియా కణాలు గూడ అందుల చెయ్యి పెడతయని తేలింది. మగతనం కట్టే పనికి మేస్త్రీలు జ్వరం డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిండ్రు అన్నట్టు.

ఇగ మనుషుల మీద ఇట్లాంటి ప్రయోగం చెయ్యరాదు, ప్రకృతే చేసినవాటిని చూడాలె. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథిల ఒక ఎంజైమ్ లోపం ఉన్న ఆడపిల్లలకు కడుపులనే మగ హార్మోన్లు ఎక్కువ తగులుతయి. వాళ్లు చిన్నప్పుడు బండ్లు, కట్టుడు బొమ్మలతోటి మిగతా ఆడపిల్లల కంటే ఎక్కువ ఆడతరు, అది చాలా చోట్ల కనవడ్డది, అయినా వాళ్లల్ల ఎక్కువమంది తాము ఆడపిల్లలమనే అనుకుంటరు, అట్లనే బతుకుతరు. ఇంకో దిక్కు, వై క్రోమోజోమ్ ఉండి, వృషణాలు ఉండి, టెస్టోస్టెరాన్ గూడ ఉండి, దాన్ని అందుకునే గ్రాహకం పూర్తిగ పనిచెయ్యనోళ్లు ఉంటరు, వాళ్లు ఆడపిల్లగ పుట్టి ఆడపిల్లగ పెరుగుతరు, రజస్వల కాకపోతే డాక్టర్ దగ్గరికి పోయినప్పుడే సంగతి బయటపడతది. హార్మోను ఉంటే సరిపోదు, అందుకునే చెయ్యి గూడ ఉండాలె.

ప్రశ్న (పెద్దపల్లి జిల్లా నుంచి ఒక మ్యాథ్స్ సార్): మగవాళ్ల మెదడు ఆడవాళ్ల మెదడు కంటే పెద్దదని సైన్సే చెప్తున్నది కదా. అందుకే లెక్కలల్ల మగపిల్లలు ముందుంటరని స్టాఫ్ రూమ్‌ల అంటే నా మీద పడ్డరు. మీరు నిజం చెప్పండి.

జవాబు: సార్, పడ్డోళ్లు మంచిపని చేసిండ్రు. మగవాళ్ల మెదడు సగటున ఓ పది శాతం పెద్దది, నిజమే, మగవాళ్ల ఒళ్లు గూడ పెద్దదే. 19వ శతాబ్దంల పారిస్‌ల పాల్ బ్రోకా తూకం వేసి ఆడవాళ్ల తెలివికి లెక్క గట్టబోయిండు, సైజుతోటే తెలివి వస్తే ఏనుగు మన పేపర్లు దిద్దాలె, దాని మెదడు మనకంటే మూడు రెట్లు పైన.

1982ల ఇంకొకటి లేచింది, రెండు అరల మెదడును కలిపే వంతెన ఆడవాళ్లల్ల లావుగ ఉంటది, అందుకే వాళ్లు ఒకేసారి పది పనులు చేస్తరు అని. చూసింది పధ్నాలుగు మెదళ్లు. తర్వాత చాలా స్టడీలు కలిపి చూస్తే ఆ లావు నిలబడలే, వాట్సాప్‌ల మాత్రం ఇంకా నిలబడే ఉన్నది.

2015ల టెల్ అవీవ్ యూనివర్సిటీల డాఫ్నా జోయెల్ టీమ్ 1400 పైన మెదళ్ల స్కాన్లు చూసింది. ఒక మెదడుల అన్ని భాగాలు మగ దిక్కే ఉండుడు, లేకపోతే అన్ని ఆడ దిక్కే ఉండుడు చాలా తక్కువమందిల దొరికింది, ఎక్కువమందికి కలగాపులగమే. దీనికి ఎదురు మాట గూడ ఉన్నది, దాచను. అన్ని భాగాలు కలిపి కంప్యూటర్‌కు ఇస్తే అది ఆడనా మగనా అనేది చాలావరకు సరిగనే చెప్తది, కొంత తల సైజు వల్ల, కొంత నిజంగనే ఆ కలయిక వల్ల. రెండూ ఒకేసారి నిజం కావొచ్చు. పైన తమ్మికి చెప్పిన జవాబు చదివితే ఎందుకో అర్థమైతది, ఒక్క స్విచ్ వేస్తే మెదడంత ఒక దిక్కు తిరుగుడు కాదిది, ఒక్కొక్క మూలల ఒక్కొక్క తీరు, కొన్ని మూలలల్ల అసలు ఏ తీరూ లేదు. మీ క్లాసుల ఎవరు ముందున్నరో తెలువాలంటే స్కాన్ ఎందుకు సార్, స్లిప్ టెస్ట్ చాలదా?

ప్రశ్న (భూపాలపల్లి నుంచి): నాకు ఐదో నెల. గర్భిణులు నొప్పి గోలీలు వేసుకుంటే మగబిడ్డ మెదడు ఆడతీరుకు పోతదని ఒక వీడియో చూసిన. బీపీ రాకుండ డాక్టరమ్మ చిన్న ఆస్పిరిన్ రాసింది, ఆపెయ్యాల్నా?

జవాబు: ఆపకు బిడ్డా. నొప్పి గోలీలు ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గిస్తయి కదా, ఆ వీడియో పైన చెప్పిన ప్రోస్టాగ్లాండిన్ ఎలుక ప్రయోగం నుంచే లేచి ఉంటది, అది ఎలుకపిల్లల మీద చేసింది, మనుషుల మెదడు మీద అట్లనే అయితదని ఎవరూ చూపెట్టలే. డాక్టరమ్మ ఇచ్చింది నీ బీపీ చూసి, బిడ్డను చూసి ఇచ్చింది. సొంతంగ మెడికల్ షాపుల అడిగి నొప్పి గోలీలు మాత్రం వేసుకోకు, దానికి కారణం వేరే, ఐదో నెల దాటినంక కొన్ని నొప్పి మందులు బిడ్డ కిడ్నీకి, ఉమ్మనీటికి, ఇంకా తర్వాత గుండె దగ్గరి నాళానికి మంచివి కావు.

ప్రశ్న (పేరు, ఊరు రాయలే): మెదడుల అంత తేడా ఉంటే స్కాన్‌ల మెదడు చూసి బాబా పాపా చెప్తరా?

జవాబు: చెప్పరు, చెప్పరాదు. కడుపుల బిడ్డ ఆడనా మగనా చెప్పుడు, అడుగుడు రెండూ 1994 చట్టం కింద నేరం. ఊరు ఎందుకు రాయలేదో అర్థమైంది.

ప్రశ్న (జమ్మికుంట నుంచి ఏడో తరగతి పిల్లగాడు): మేడమ్, నేను వరంగల్ చౌరస్తా దగ్గర ఒక ఫించ్ పిట్టను కొన్న. షాపుల అన్ని అరుస్తున్నయి, పాడుతున్నయి. నాది ఇంటికొచ్చినంక చిన్నగ కూత వెట్టుడే, పాట పాడతలేదు. దానికి రోగమా?

జవాబు: రోగం కాదు నాయనా, ముందు దాని బుగ్గ చూడు. బూడిద రంగు జీబ్రా ఫించ్ అయితే మగదానికి బుగ్గ మీద నారింజ రంగు మచ్చ, రొమ్ము మీద నల్లటి పట్టీ, రెక్క కింద తెల్లచుక్కలు ఉంటయి, ముక్కు బాగ ఎర్రగ ఉంటది. ఇవేవీ లేకపోతే నీది ఆడపిట్ట, ఆ జాతిల ఆడపిట్ట పాడదు. తెల్లటిదైతే ముక్కు ఒక్కటే చూడాలె.

ఎందుకు పాడదంటే, పాట నేర్చుకునే కణాల గుంపులు మగపిట్ట మెదడుల చాలా పెద్దగ ఉంటయని 1976ల నాటెబోమ్, ఆర్నాల్డ్ అనే ఇద్దరు చూసిండ్రు. గూట్ల పిల్లగున్నప్పుడు ఆడదానికి ఈస్ట్రాడయోల్ ఇస్తే పాట వస్తది, పెద్దగైనంక ఏ హార్మోను ఇచ్చినా రాదు. 2003ల ఒక చిత్రమైన ఫించ్ గురించి రాసిండ్రు, కుడి దిక్కు మొత్తం మగ ఈకలు, ఎడమ దిక్కు మొత్తం ఆడ ఈకలు, నడుమ గీత గీసినట్టు. ఒంటి నిండ తిరిగే రక్తం ఒక్కటే, హార్మోను ఒక్కటే, అయినా మెదడుల పాట గుంపు కుడి దిక్కు పెద్దగ, ఎడమ దిక్కు చిన్నగ ఉన్నది. అంటే కణంల ఉన్న క్రోమోజోమ్ గూడ తన మాట తను చెప్తదన్నట్టు, హార్మోనుదే పెత్తనం కాదు. కాకపోతే ఆ ఎడమ దిక్కు గూడ మామూలు ఆడపిట్టది కంటే కొంచెం పెద్దగనే ఉండె, కాబట్టి హార్మోను ఊరుకున్నదని గూడ అనరాదు.

నీ పిట్టకు సూదులు గీదులు ఏం వద్దు. ఒక్కదాన్ని పెంచకు, ఫించ్‌లు గుంపుల బతికేవి. ఇంకోదాన్ని తెచ్చేటప్పుడు బుగ్గ చూసి తెచ్చుకో, షాపాయన "అన్నీ పాడతయి" అంటే నమ్మకు.